ఎండల ఊరిలో ఊలు కౌంటర్

ముప్పై మూడేళ్లకే రిటైరైనవాడు ఉద్యోగ అనుభవాలు రాస్తానంటే జనం నవ్వుతారు. నవ్వండి. హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఊలు అమ్మినన్నాళ్లూ జనం నవ్వు నాకు అలవాటే. "మే నెలల ఊలు అమ్ముతున్నవా అన్నా?" అని అడగని ఆటోవాలా లేడు. "అవును భాయ్, జనవరిల మామిడిపండ్లు అమ్ముత" అనేవాణ్ణి.

రిటైర్మెంట్‌కు కారణం గొప్పదేమీ కాదు, కుడి చెయ్యి మణికట్టు. సూదులు పట్టుకుంటే బొటనవేలి దగ్గర మొదలైన సలుపు మోచేతి దాకా పాకేది. డాక్టర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "క్రికెట్ ఆడతారా?" అని అడిగాడు. "లేదు సార్, స్వెట్టర్లు అల్లుతా" అన్నాను. ఆయన ఒకసారి నా మీసం వైపు చూసి, చీటీ మీద క్రికెట్ అనే రాసుకున్నాడు. అల్లిక మానేయమని మాత్రం గట్టిగా చెప్పాడు.

ఇప్పుడు ఛత్రినాకలో మా బావమరిది పాల కేంద్రంలో కూర్చుంటున్నాను. హాయిగా ఉంది. పాల ప్యాకెట్‌ను ఎటు కోసినా పాలే వస్తాయి.

ఫోన్‌లో వీడియో చూసి మొదటి జత సూదులు కొన్నవాళ్లు, సొంతంగా ప్యాటర్న్ రాసి అమ్ముదామనుకునేవాళ్లు, ఆదివారం పదిమందిని పోగేసి నిట్టింగ్ గ్రూప్ నడుపుదామనుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతం పెరగడం, హోదా పెరగడం గురించి రాయను. రాయడానికి అవి పెరిగితే కదా.

సేఠ్ దగ్గర చదువు

మా యజమాని గిర్ధర్ సేఠ్. తాతల నాటి దుకాణం. తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలో ముగిస్తాడు. నేను చేరింది అట్టపెట్టెలు మోయడానికి. కానీ కొనడానికి వచ్చిన ఆడవాళ్లు పెట్టెల గురించి అడగరు కదా. "మెడ దగ్గర ఎట్ల తగ్గియ్యాలె?" అని అడిగేవారు. నేను గోడ గడియారంలా నిలబడేవాణ్ణి. అది కూడా ఆగిపోయిన గడియారం.

ఒకరోజు సేఠ్ నా చేతిలో రెండు సూదులు పెట్టాడు. "అమ్మేటోనికి అల్లుట రావాలె రే. నహీఁ తో తూ దుకాణ్‌దార్ నహీఁ, చౌకీదార్ హై" అన్నాడు. ఆయనకు చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిందట. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఒక కన్ను రోడ్డు మీద ఉంచి, నాకు సీదా, ఉల్టా నేర్పాడు. సీదా అంటే ముందు వైపుకు పడే కుట్టు, ఉల్టా అంటే వెనక వైపుకు పడే కుట్టు. లోకంలోని స్వెట్టర్లన్నీ ఈ రెండు కుట్లేనని తెలిసిన రోజు నాకు జ్ఞానోదయమైందని రాస్తే బాగుంటుంది. కాలేదు. వేలు వాచింది.

ఆయన నేర్పిన ఇంకో సంగతి ఇంతకన్నా పనికొచ్చింది. ఊలు కోసం వచ్చినవాళ్లను ఏ రంగు కావాలని అడగకూడదు, ఎవరికి అని అడగాలి. రంగు అడిగితే నాలుగు ఉండలు చూసి "మళ్లొస్తం" అని పోతారు. ఎవరికి అని అడిగితే స్టూలు లాక్కుని కూర్చుంటారు. బిడ్డకు ఏడో నెల అని, మనవడికి చలి పడదని, అల్లుడికి మాత్రం అల్లనని, ఎందుకు అల్లరో కూడా చెబుతారు. అంతా విన్నాక మీరు ఏ రంగు ఇచ్చినా తీసుకుంటారు.

సేఠ్ గురించి ఉన్నమాట చెప్పాలంటే, మంచి గురువు, ఓ మాదిరి యజమాని. దుకాణంలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌నూ తనవైపే తిప్పుకునేవాడు. నేర్పేవాడు, గాలి ఆపేవాడు ఒక్కడే కావచ్చని ఉద్యోగంలో చేరే ముందే తెలుసుకుంటే సగం ఏడుపు తగ్గుతుంది.

మంచు పడని ఊరికి మంచు డిజైన్లు

మొదట్లో మా దగ్గరికి అమ్మమ్మలు వచ్చేవారు. చంటిపిల్లల టోపీ, సాక్సులు, మంకీ క్యాప్. తర్వాత వాళ్ల మనవరాళ్లు ఫోన్లు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఒకరికి పొట్టి టాప్, ఒకరికి గుండ్రటి టోపీ, ఒకరికి నీళ్లసీసా వేలాడేసుకునే సంచి. డిజైన్లు బాగుండేవి. చిక్కల్లా ఒక్కటే. అవి రాసినవాళ్ల కిటికీ అవతల మంచు పడుతుంటుంది, మా కిటికీ అవతల మిర్చి బజ్జీ వేగుతుంటుంది. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతి మెడ దాకా ఉండే దళసరి ఊలు స్వెట్టర్ అల్లుకుని, ఏప్రిల్‌లో చార్మినార్ ముందు నిలబడి ఫొటో దిగింది. ఫొటో బాగా వచ్చింది. మనిషి మాత్రం గ్లూకోజ్ నీళ్లు తాగి ఇంటికి పోయింది.

అప్పుడు నూలు దారం తెప్పించాం. ఆ తర్వాత ఆదివారం పూట పైగదిలో, అట్టపెట్టెల మధ్య, గ్రూప్ మొదలైంది. పైగదిలో ఫ్యాన్ లేదు కాబట్టి నూలు విలువ అందరికీ తొందరగానే అర్థమైంది.

గ్రూప్‌లో నేను పెట్టిన నియమం ఒక్కటే, దాన్ని పిల్లలు 'నోరు మూసే ఆట' అనేవారు. ఎవరైనా కొత్త ప్యాటర్న్ రాస్తే, ఇంకొకరు ఆ కాగితం మాత్రమే చూసి అల్లాలి. రాసినవాళ్లు పక్కనే కూర్చోవాలి. సైగలు చేయకూడదు, దగ్గకూడదు, కళ్లెగరేయకూడదు. ఎందుకంటే మీ ప్యాటర్న్ కొన్నవాళ్ల ఇంటికి మీరు రోజూ వెళ్లి పక్కన కూర్చోలేరు. కూర్చున్నా వాళ్లాయన ఊరుకోడు.

ఈ ఆటకు మొదట బలైంది నస్రీన్. మా దుకాణం వెనక గల్లీలో ఉంటుంది, ఫార్మసీ చదువుతుంది. నీళ్లసీసా సంచికి ప్యాటర్న్ రాసింది. దాన్ని మౌనిక అల్లింది. మౌనిక మా ఛత్రినాక పిల్లే, బర్రెలున్న ఇల్లు, అప్పుడే డిగ్రీ అయిపోయింది. మౌనిక అల్లుతుంటే నస్రీన్ దుపట్టా కొస నోట్లో కుక్కుకుని ఉగ్గబట్టుకుంది. సంచి పూర్తయింది. మౌనిక అందులో సీసా పెట్టింది. సీసా వచ్చి ఆమె కాలి మీద పడింది.

"అడుగు ఏది పిల్లా దీనికి?" అంది మౌనిక కాలు పట్టుకుని.

"అడుగు కుట్టాలె గదా!" అని అరిచింది నస్రీన్.

"యాడ రాసినవ్?"

"అరే, సంచికి అడుగు ఉంటదని ఎవరికైనా తెలుస్తది కదా యార్!"

ఎవరికైనా తెలుస్తుందనుకున్నది ప్యాటర్న్‌లో తప్పకుండా రాయాలి. ఈ పనిలో నాకు తెలిసిన పెద్ద సత్యం ఇంతే. ఇంతకన్నా లోతైనది కావాలంటే వేరే దుకాణం చూసుకోండి.

మౌనిక అడిగిన కుర్చీ

నా చెయ్యి పనికిరాదని తేలాక సేఠ్ కొంచెంసేపు బాధపడ్డాడు. తర్వాత టేపు తీసుకుని నా కౌంటర్ కొలిచాడు. గాజులమ్మే లాడ్ బజార్ పక్కనే ఉంది కదా, ఊలు తీసేసి గాజుల పెట్టెలు, పెళ్లి ట్రేలు పెడదామని ఆయన ఆలోచన. కౌంటర్ పోతే పైగదిలో గ్రూప్ కూడా పోతుంది, అది ట్రేలకు గోడౌన్ అవుతుంది.

మౌనిక నేరుగా సేఠ్ ముందుకు వెళ్లి నిలబడింది. "సేఠ్‌జీ, గా కుర్చీల నేను కూసుంట" అంది.

"తూ? బేటీ, అన్న చేస్తే నడవలే. ఇంక ఊలు ఎవరు కొంటరు?"

"ఊలు కాదు సేఠ్‌జీ. మన ఊరోళ్లకు పనికొచ్చేటివి అల్లిపిస్త."

"ఏంటివి?"

"ఆలోచించి చెప్త" అంది మౌనిక. సేఠ్ టేపు చుట్టుకుంటూ షరతు పెట్టాడు. "ఒక్కటి తయారు చెయ్. వీడియోల చూసింది కాదు, నీ సొంతం. మన ఊరోళ్లు నిజంగ వాడుకునేది. బోనాలదాంక టైం. నహీఁ తో పెట్టెలు వచ్చేస్తయ్."

మౌనిక ఇంట్లో ఇంకో గడియారం నడుస్తోంది. మొబైల్ షాపులో లెక్కలు రాసే ఉద్యోగం వాళ్ల నాన్న ఖాయం చేసి పెట్టాడు. మౌనికకు ఆ కుర్చీ అక్కర్లేదు, ఈ కుర్చీ కావాలి. ప్రపంచంలో ఒక పిల్ల ఫ్యాన్ లేని కుర్చీ కోసం ఇంత తపన పడటం నేను మళ్లీ చూడలేదు.

ఆలోచన ఇంట్లోనే దొరికింది. బోనం ఎత్తేటప్పుడు తల మీద కుండ కింద చుట్టకుదురు పెట్టుకుంటారు. వాళ్ల అవ్వ ప్రతి ఏడూ పాత చీర పీలికను మెలేసి చుట్టుకుని దాని మీద బోనం పెట్టుకుంటుంది. అది సగం దారిలో ఊడుతుంది, ఒక చెయ్యి కుండకు, ఒక చెయ్యి పీలికకు సరిపోతుంది. ఈసారి అవ్వకు మోకాళ్లు సహకరించక, బోనం ఎత్తే వంతు మౌనికకు వచ్చింది. నూలు దారంతో పసుపు, ఎరుపు రంగుల్లో వెడల్పు పట్టీ అల్లి, చాపలా చుట్టి, కొసలు కలిపి కుట్టి చుట్టకుదురు చేసింది. చూడటానికి ముచ్చటగా ఉంది. పైగదిలో నీళ్ల చెంబు పెట్టుకుని నడిచింది, కదల్లేదు. గ్రూప్ మొత్తం చప్పట్లు కొట్టింది. నస్రీన్ ఈల వేసింది.

ఊపులో పిల్లలంతా మౌనిక రాసిన కాగితం చూసి తలా ఒకటి అల్లారు, ఆమె గల్లీలో బోనం ఎత్తే ఆడవాళ్లందరికీ ఇద్దామని.

"ఒక ముక్క తడిపి చూడరాదు?" అని ఒకసారి అన్నాను.

"ఇది గుడ్డనా అన్నా పిండుటందుకు? నీ ఆట నీకే. నోరు మూసుకో" అన్నారందరూ ఒకే గొంతుతో.

నియమం నాదే కాబట్టి మూసుకున్నాను.

తడి

బోనాలకు రెండు వారాల ముందు ఒక సాయంత్రం మౌనిక ఇంటి ముందు రిహార్సల్ పెట్టారు. అవ్వ గడప మీద కూర్చుంది. మౌనిక తల మీద కొత్త కుదురు, దాని మీద నీళ్లు నింపిన కుండ. గల్లీలో ఆడవాళ్లంతా చేరారు. అసలు రోజున బోనం ఎత్తినవాళ్ల కాళ్ల మీద పసుపు నీళ్లు పోస్తారు. పైనుంచి ఆషాఢం వాన ఎలాగూ పోస్తుంది. ఆ సాయంత్రం వాన ఎవరూ పిలవకుండానే రిహార్సల్‌కు వచ్చింది.

నూలు తడిస్తే బరువెక్కుతుంది, బరువెక్కితే సాగుతుంది. ఈ ముక్క ఏ అల్లిక పుస్తకంలో చూసినా ఉంటుంది. కుదురు నెమ్మదిగా వెడల్పయింది, మధ్యలో కన్నం పెద్దదయింది. గల్లీ మలుపు దగ్గరికి వచ్చేసరికి కుదురు మౌనిక నుదుటి మీదికి జారింది. ఇంకో నాలుగడుగులు వేస్తే కళ్ల మీదికొచ్చింది. కుండ అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. పక్కింటామె పట్టుకోకపోతే పగిలేదే. నీళ్లు మాత్రం పూర్తిగా మౌనిక మీద పడ్డాయి.

మౌనిక కుదురును మెడలోకి లాక్కుని నిలబడింది. పూలదండ వేసి మరచిపోయిన ముఖ్య అతిథిలా ఉంది.

"మస్తుగున్నది బిడ్డా. ఎద్దుకు ఏసే పలుపు అల్లినవా?" అంది అవ్వ.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గల్లీ మొత్తం నవ్వింది. మౌనిక నవ్వలేదు. మెట్ల మీద కూర్చుని, "అయిపాయె అన్నా. పెట్టెలొస్తయ్. రేపటి సంది మొబైల్ షాపుల కూసుంట" అంది.

ఇక్కడ నేనొక గొప్ప మాట అనాలి. అనుభవాలు రాసేవాళ్లంతా ఇలాంటి చోట ఒకటి అంటారు. నాకు అలాంటిదేమీ తోచలేదు. "మిగిలినయి గూడ తడుపు" అన్నాను.

పిల్లలు అల్లిన కుదుళ్లన్నీ తెచ్చి బర్రెల తొట్టిలో ముంచాం. తీసి వరసగా గోడ మీద పెట్టాం. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఒకటే కాగితం చూసి అల్లినా ఏదీ ఇంకోదానిలా లేదు. బిగించి అల్లే నస్రీన్ కుదురు తడిసినా గాజంత ఉంది. వదులుగా అల్లే పిల్లది సైకిల్ టైరంత అయింది. చెయ్యి చెయ్యికీ దారం బిగువు వేరు, కాగితం మీద మాత్రం అందరికీ ఒకటే కుట్ల లెక్క రాసి ఉంది.

మౌనిక గోడ పొడవునా నడుచుకుంటూ రెండుసార్లు చూసింది. "లెక్క కాదన్నా రాయాల్సింది," అంది నెమ్మదిగా. "ఎవరి ముక్క వాళ్లు తడిపి, ఎవరి తలకు వాళ్లు కొలుసుకోవాలె."

"గిప్పుడు చెప్తున్నవా?" అంది నస్రీన్, తన గాజంత కుదురును వేలికి తగిలించి తిప్పుతూ.

"గిప్పుడే తెలిసింది పిల్లా. విప్పు."

ఈ పనిలో నాకు నచ్చింది ఒకటి చెబుతాను. బట్ట తప్పు కోస్తే పోయినట్టే. అల్లిక తప్పయితే కొస పట్టుకుని లాగితే చాలు, మొత్తం దారం మళ్లీ మీ చేతిలో ఉంటుంది. దీని మీద జీవితం గురించి ఒక వాక్యం రాయొచ్చు, మీకు ఓపికుంటే మీరే రాసుకోండి. మేం ఆ సాయంత్రం కూర్చుని విప్పాం. అవ్వ కూడా ఒకటి విప్పింది. విప్పడంలో అందరికన్నా ముందుంది.

సేఠ్ తల మీద సీసా

కొత్త ప్యాటర్న్ మొదటి మాట ఇలా ఉంది: "అరచేతి అంత ముక్క అల్లండి. నీళ్లలో ముంచి పిండండి. తడిగా ఉన్నప్పుడే కొలవండి." సన్నటి సూదులు, రెండు పేటల దారం, తల చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా మొదలుపెట్టడం. అన్నీ రాసింది, ఎవరికైనా తెలుస్తుందనుకున్నవాటితో సహా.

సేఠ్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. "ఎవరు అల్లి చూస్తరు?" అన్నాడు.

"మీరే" అంది మౌనిక.

సేఠ్ నా వైపు చూశాడు. నేను మణికట్టు చూపించాను. రిటైరైనవాడికి ఉండే సుఖం అదే.

నస్రీన్ చదివింది, సేఠ్ అల్లాడు. మౌనిక ఎదురుగా స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. బేరాలు లేనప్పుడల్లా, ఆ వారమంతా సాగింది. మధ్యలో సేఠ్ ఆమెను మాటల్లోకి లాగాలని చూశాడు. "బేటీ, ఈడ ఉల్టానా, సీదానా?" మౌనిక పైకప్పు చూసింది. "జర ఇషారా కర్, సైగ చెయ్." మౌనిక నేల చూసింది. అంతకుముందే మొదటి రోజు ముక్క తడపాలని నస్రీన్ చదివితే ఆయన విసుక్కుంటూ తన చాయ్ పక్కనున్న నీళ్ల గ్లాసులో ముంచి, పిండి, కొలిచి, "అరే, పెద్దగైంది, బఢ్ గయా!" అని కళ్లద్దాలు సర్దుకున్నాడు. అప్పటి నుంచి గొణుగుడు తగ్గింది.

పూర్తయ్యాక కుదురును తడిపి తల మీద పెట్టుకున్నాడు. దాని మీద నిండు నీళ్లసీసా నిలబెట్టి, రెండు చేతులూ వదిలేసి గల్లాపెట్టె నుంచి గుమ్మం దాకా నడిచాడు. సరిగ్గా అప్పుడే లాడ్ బజార్ నుంచి గాజుల సంచీలతో ఒకావిడ లోపలికి అడుగుపెట్టి, నోరు తెరుచుకుని ఆగిపోయింది.

సేఠ్ తల కదపలేదు. "ఆయియే అమ్మా, క్యా చాహియే?" అన్నాడు.

సీసా కదల్లేదు. ఆవిడ ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది, అది వేరే విషయం.

సేఠ్ సీసా దించి, మూత తీసి, తాగి, మౌనిక వైపు తిరిగాడు. "కుర్సీ తేరీ," అన్నాడు. కాస్త ఆగి అన్నాడు, "పంఖా మేరా."

బోనాల రోజున

ఆ ఆదివారం వాన పడింది, పడాలి కూడా. డప్పుల వెనక గల్లీ ఆడవాళ్లు వరసగా కదిలారు. మౌనిక తల మీద పసుపు కుండ, వేపాకు, పైన దీపం. దీపం ఆరకుండా వాళ్ల నాన్న గొడుగు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. మొబైల్ షాపు ఊసు ఎత్తకపోయినా ముఖంలో ఉంది. నేను, నస్రీన్ పాల కేంద్రం అరుగు మీద నిలబడి చూస్తున్నాం. నిజానికి మేం బోనం చూడటం లేదు, మౌనిక కనుబొమ్మలు చూస్తున్నాం. కుదురు అక్కడి దాకా దిగిందా లేదా అని.

దిగలేదు. మేమూ వెనకే నడిచాం, గుడి దాకా దిగలేదు.

గుడి దగ్గర బోనం దించాక అవ్వ మోకాళ్లు పట్టుకుంటూ వచ్చింది. నడుము దగ్గర కొంగులో చుట్టి దోపుకున్న పాత చీర పీలిక బయటికి తీసింది. ఏటేటా తల మీద పెట్టుకునే పీలికే. దారి పొడవునా దాచుకుని నడిచిందన్నమాట.

"ఏందవ్వా, నా మీద నమ్మకం లేదా?" అంది మౌనిక.

"నమ్మకం ఉన్నది. జరంత బుగులు గూడ ఉన్నది" అంది అవ్వ. ఆ పీలికతో మనవరాలి మొహం మీది వాన తుడిచి, "మొబైల్ షాపోనికి రాదని చెప్పు" అని కొడుకు చేతిలో పెట్టింది. ఆయన పీలికను గొడుగు కర్రకు చుట్టి, ఇంకో చేత్తో ఫోన్ తీశాడు.

మర్నాడు కౌంటర్ తాళాలు ఇవ్వడానికి దుకాణానికి వెళ్లాను. మౌనిక కుర్చీలో ఉంది. నేను ఇవతల స్టూలు మీద కూర్చున్నాను. కాలేజీ పిల్ల ఒకతి ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఇందులో ఉన్న టాప్‌కు దారం కావాలె" అంది. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను.

"అన్నా," అంది మౌనిక, నా వైపు చూడకుండానే. "ఆట."

మూసుకున్నాను.

"ఎవరికి?" అని అడిగింది ఆ పిల్లను.

"మా అమ్మకు. ఆమె ఎప్పుడు గిట్లాంటియి ఏసుకోలే, ఈసారి నేనే అల్లి ఇద్దామని…" ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టి, కూర్చోవడానికి చుట్టూ చూసింది. దుకాణంలో ఉన్నది ఒక్క స్టూలు. లేచి ఇచ్చాను.

ఇక నిలబడి చేసేదేం లేక బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఆటోవాలా వెనక్కి తిరిగి బోర్డు చూశాడు. "ఊలు దుకాణమా అన్నా? గీ ఊర్ల ఎవరొస్తరు దానికి?"

"ఏమో భాయ్," అన్నాను. "నాకైతే కూసునేటందుకు జాగ దొరకలే."